పెళ్ళి కేకు: తీపి వెనుక తెలుసుకోవలసిన సంగతులు

నికాహ్ ఖుత్బా ముగుస్తుంది. ఈజాబ్, ఖుబూల్ పూర్తవుతాయి. దుఆ కోసం ఎత్తిన చేతులు దిగగానే ఖర్జూరాలు, కలకండ, బాదం పప్పులు కట్టిన చిన్న పొట్లాలు సభలో చేతులు మారుతాయి. మన తెలుగు నేలమీద తరతరాలుగా ముస్లిం కుటుంబాల వివాహాలలో మొదటి తీపి ఇదే. ఆ తర్వాత దస్తర్‌ఖాన్ మీదికి హైదరాబాద్ వైపు ఖుబానీ కా మీఠా, డబుల్ కా మీఠా, కోస్తా జిల్లాలలో బ్రెడ్ హల్వా వస్తాయి. ఈ వరుసలో ఇటీవలి సంవత్సరాలలో మరొకటి చేరింది. వేదికకు ఒక పక్కన తెల్లని గుడ్డ పరచిన బల్ల, దానిమీద రెండు మూడు అంతస్తుల కేకు, పక్కనే రిబ్బను కట్టిన కత్తి. నగరాలలో మొదలైన ఈ అలవాటు ఇప్పుడు చిన్న పట్టణాల ఫంక్షన్ హాళ్ళకూ చేరుకుంది.

దీనిని చూసి కొందరు పెద్దలు వెంటనే నొసలు చిట్లిస్తారు. పిల్లలేమో అదేదో పెద్ద నేరమా అని ఎదురు ప్రశ్నిస్తారు. ఇద్దరి మాటలలోనూ కొంత నిజముంది, కొంత తొందరపాటూ ఉంది. పిండి, చక్కెర, వెన్న, గుడ్లతో చేసిన ఒక ఆహార పదార్థాన్ని దాని పేరునుబట్టి నిషేధించడం ధర్మం కాదు. అలాగని దుకాణంలో బొమ్మల పుస్తకం తిరగవేసి, నచ్చిన చిత్రంమీద వేలు పెట్టి వచ్చేయడమూ వివేకం కాదు. ఆ కేకులో ఏయే పదార్థాలున్నాయి? ఆరోగ్యానికి అది క్షేమమేనా? దానికయ్యే ఖర్చును ఎవరు, ఎందుకు భరిస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతే రంగు, రుచి, ఆకారం గురించి మాట్లాడుకోవాలి.

ఈ కేకు ఎక్కడిది?

వివాహ సందర్భంలో ధాన్యంతో చేసిన రొట్టెను పంచుకోవడం చాలా పాత ఆచారం. ప్రాచీన రోమ్‌లో ఉన్నత కుటుంబాల వివాహాలలో వధూవరులు గోధుమ జాతి ధాన్యంతో చేసిన రొట్టెను పంచుకొనేవారు. అయితే నేడు మనం చూస్తున్న తెల్లని అంతస్తుల కేకుకు పుట్టినిల్లు 19వ శతాబ్దపు ఇంగ్లాండు. 1840 ఫిబ్రవరి 10న జరిగిన విక్టోరియా రాణి వివాహంలో ఉంచిన కేకు బరువు సుమారు 300 పౌండ్లు, అంటే దాదాపు 136 కిలోలు. దాని చుట్టుకొలత సుమారు తొమ్మిది అడుగులు. ఆ కాలంలో బాగా శుద్ధిచేసిన తెల్ల చక్కెర ఖరీదైన వస్తువు. కేకు ఎంత తెల్లగా ఉంటే ఆ కుటుంబం అంత సంపన్నమైనదని లెక్క. గుడ్ల తెల్లసొన, చక్కెర కలిపి గట్టిపడేలా చేసే ఆ తెల్లని పూతను ‘రాయల్ ఐసింగ్’ అంటారు.

1947లో ఎలిజబెత్ యువరాణి వివాహం జరిగిన నాటికి బ్రిటన్‌లో యుద్ధకాలపు రేషన్ ఇంకా కొనసాగుతోంది. అయినా నాలుగు అంతస్తులతో, తొమ్మిది అడుగుల ఎత్తున, సుమారు 500 పౌండ్ల కేకు తయారైంది. దానికి కావలసిన దినుసులు ఆస్ట్రేలియా బాలికల సంఘాల నుంచి కానుకగా వచ్చాయి. అంతకు కొన్నేళ్ళ ముందు, యుద్ధం నడుస్తున్న రోజులలో, అదే దేశంలోని సామాన్య వధువుల పరిస్థితి వేరు. 1940లో కేకులపై చక్కెర పూతను ప్రభుత్వం నిషేధించింది. అందువల్ల అట్టతో చేసిన తెల్లని అంతస్తుల తొడుగును అద్దెకు తెచ్చి, దాని కింద చిన్న కేకును దాచి పెళ్ళిళ్ళు కానిచ్చారు. ఫోటోలో అట్ట కనిపించింది. అతిథుల నోటికి చిన్న ముక్క అందింది.

ఈ చరిత్రను ఇంతగా చెప్పడానికి కారణముంది. అంతస్తుల కేకు ఆకలి తీర్చడానికి పుట్టిన వంటకం కాదు. హోదాను చాటడానికి పుట్టింది. రుచి దానిలో రెండవ విషయం. దానిని మన ఇంటికి తెచ్చుకొనేటప్పుడు పిండి, చక్కెరలతోపాటు ఆ హోదా ప్రదర్శనను కూడా తెచ్చుకుంటున్నామా అన్నదే ఆలోచించవలసిన అంశం. ఎందుకంటే వంటకం అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు. మనం ఎంతో ఆప్యాయంగా మనదని చెప్పుకొనే డబుల్ కా మీఠాకు మూలమైన ‘డబుల్ రొట్టె’ కూడా ఐరోపావారి వెంట వచ్చినదే. దానిని నేతిలో వేయించి, పాకంలో ఊరబెట్టి, పాలు, యాలకులు, కుంకుమపువ్వు చేర్చి దక్కను వంటగది దానిని తన సొంతం చేసుకుంది.

దైవప్రవక్త (స) ఇంటి వివాహ విందు

వివాహ సమయంలో తీపి తినిపించడం ఇస్లాంకు కొత్త కాదు. ఖైబర్ నుంచి తిరిగివస్తున్న ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ని వివాహమాడారు. ఆ వలీమా వివరాలు హదీసు గ్రంథాలలో భద్రంగా ఉన్నాయి. నేలమీద తోలు పరుపులు పరిచారు. ఎవరి దగ్గర ఏమి మిగిలి ఉంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరాలు, మరొకరు ఎండబెట్టిన పెరుగు గడ్డలు, ఇంకొకరు నెయ్యి తెచ్చారు. అన్నిటినీ కలిపి ‘హైస్’ అనే వంటకం చేశారు. అదే ఆ వలీమా. అందులో మాంసం లేదు, రొట్టె లేదు. నేటి భాషలో చెప్పాలంటే అది ఒక మిఠాయి విందు.

హజ్రత్ జైనబ్ (రజి)తో వివాహమప్పుడు ఒక గొర్రెను కోసి, ప్రజలకు రొట్టె, మాంసం తృప్తిగా పెట్టారు. మరొక వివాహ సందర్భంలో వలీమా కేవలం రెండు ‘ముద్’ల బార్లీతో ముగిసిందని బుఖారీలో ఉంది. ఒక ముద్ అంటే రెండు అరచేతులను కలిపి దోసిలి పట్టినంత. కొత్తగా పెళ్ళి చేసుకున్న హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి ఒక గొర్రెతోనైనా వలీమా ఇవ్వమని ఉపదేశించారు. ఈ నాలుగు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం బోధపడుతుంది. ఉన్నప్పుడు ఉన్నంతలో, లేనప్పుడు లేనంతలో విందు ఇవ్వడమే సున్నత్. ఏ ఒక్క పదార్థాన్నీ షరతుగా పెట్టలేదు. ఏ మొత్తాన్నీ గౌరవానికి కొలబద్దగా చేయలేదు.

మరొక హెచ్చరిక కూడా మరువరానిది. ధనికులను పిలిచి, పేదలను వదిలివేసే వలీమా విందే అన్నిటికంటే చెడ్డ విందని హదీసు చెబుతోంది. కాబట్టి కేకు ఎన్ని అంతస్తులన్న లెక్క కంటే, ఆ కేకు ముక్క ఎవరెవరి చేతికి చేరిందన్న లెక్క పెద్దది.

పదార్థాల పట్టికలో దాగినవి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గుడ్లు, మైదా, చక్కెర, వెన్న, పాలు, నూనె వీటిలో అనుమానించవలసినదేమీ లేదు. సందేహం పుట్టేది వాటికి తోడుగా చేరే చిన్న చిన్న వస్తువుల దగ్గర.

మొదటిది జెలటిన్. మూస్, చీజ్ కేక్, జెల్లీ పొరలు, అద్దంలా మెరిసే గ్లేజ్, మార్ష్‌మెల్లో, కొన్ని రకాల ఫాండెంట్ పూతలలో ఇది ఉంటుంది. జంతువుల ఎముకలు, చర్మాల నుంచి దీనిని తీస్తారు. పంది నుంచి తీసినదైతే దానిని అత్యధిక ఉలమాలు నిషిద్ధంగానే పరిగణిస్తారు. పశువుల నుంచి తీసినదైతే ఆ పశువు షరీఅత్ పద్ధతిలో జబహ్ అయిందా అన్న ప్రశ్న మిగులుతుంది. డబ్బాపై ఉత్త ‘జెలటిన్’ అనో, 441 లేదా 428 అన్న సంఖ్యతోనో రాసి ఉంటే ఆ మూలం తెలియదు. దీనికి సులువైన ప్రత్యామ్నాయముంది. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్, మన అంగళ్ళలో ‘చైనా గ్రాస్’ పేరుతో దొరుకుతుంది. పండ్ల నుంచి తీసే పెక్టిన్ కూడా ఉంది. ముందుగా చెబితే చాలామంది తయారీదారులు వీటితోనే చేసి ఇస్తారు.

రెండవది మద్యం. ‘బ్లాక్ ఫారెస్ట్’ జర్మనీలో పుట్టిన కేకు. దాని అసలు వంటకంలో చెర్రీ పండ్ల నుంచి కాచిన ‘కిర్ష్’ అనే మద్యం ఉంటుంది. మన ఊళ్ళలోని బేకరీలు చాలావరకు దాని బదులు పంచదార పాకమే వాడతాయి. కానీ పెద్ద హోటళ్ళలో, ‘అసలు పద్ధతి’ అని చెప్పుకొనే దుకాణాలలో అడిగి తెలుసుకోవలసిందే. తిరామిసులో తీపి వైన్‌నో రమ్మునో వాడడం వాడుక. ప్లమ్ కేకులో ఎండుపండ్లను నెలల తరబడి రమ్ములోనో బ్రాందీలోనో ఊరబెడతారు.

పొయ్యి మీద పెట్టగానే మద్యమంతా ఆవిరైపోతుందని కొందరు సర్దిచెబుతారు. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం, పిండిలో కలిపి అరగంట కాల్చినా 35 శాతం, గంటసేపు కాల్చినా 25 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. పైగా కేకు కాలిన తర్వాత మెత్తదనం కోసం పొరలమీద చిలకరించే పాకానికి నిప్పు తగలనే తగలదు. అందులో మద్యం కలిపితే అది యథాతథంగా ఉండిపోతుంది.

మూడవది పరిమళ ద్రవ్యాలు. సహజ వనిల్లా సారాన్ని ఆల్కహాల్‌తోనే తీస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఆ పేరుతో అమ్మే సారంలో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన దేశంలో మామూలు బేకరీలు వాడే చవక ఎసెన్సులలో ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ఇతర ద్రావకాలే ఎక్కువగా ఉంటాయి. అంటే ఖరీదైనది, ‘సహజమైనది’ అన్నంత మాత్రాన అది మనకు మేలైనది కానక్కర్లేదు. అత్యల్ప మోతాదులో ఉండే పారిశ్రామిక ఆల్కహాల్ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి దిగకుండా యాలకులు, గులాబీ నీరు, కుంకుమపువ్వు, నారింజ తొక్క తురుము కోరుకోవచ్చు. వాటి పరిమళం ఏ ఎసెన్సుకూ తీసిపోదు.

నాలుగవది కొవ్వులు, మృదుత్వాన్నిచ్చే పదార్థాలు. 471, 472 సంఖ్యలతో కనిపించే ఎమల్సిఫైయర్లు మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. బేకరీవారు వాడే ‘కేక్ జెల్’లోనూ ఇలాంటివే ఉంటాయి. ఎరుపు రంగునిచ్చే 120 అనేది పురుగుల నుంచి, మిఠాయిలకు మెరుపునిచ్చే 904 లక్క నుంచి వస్తాయి. వీటిపై మజ్‌హబ్‌లనుబట్టి అభిప్రాయాలు మారతాయి గనుక మీరు విశ్వసించే ఆలిమ్‌ను అడిగి నడుచుకోవడం మంచిది. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, ఆ రెంటి మధ్య ఉన్న సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్ని కాపాడుకున్నవాడవుతాడన్న ప్రవక్త (స) బోధ ఇలాంటి చోటనే దారి చూపుతుంది.

ఆకుపచ్చ చుక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

మన కుటుంబాలలో ఒక సులభమైన నమ్మకం వ్యాపించి ఉంది. డబ్బామీద ఆకుపచ్చ చుక్క ఉంటే హలాల్ అని, గోధుమ రంగు గుర్తు ఉంటే అనుమానించాలని చాలామంది అనుకుంటారు. ఇందులో సగమే నిజం. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. కాబట్టి గుడ్డు మాత్రమే ఉన్న కేకుకు కూడా గోధుమ రంగు గుర్తే పడుతుంది. అది మనకు నిషిద్ధం కాదు. ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో జంతువుల కొవ్వు, మామూలు జెలటిన్ లేవని కొంత భరోసా కలుగుతుంది. కానీ మద్యం ధాన్యం నుంచో పండ్ల నుంచో తయారవుతుంది గనుక అది శాకాహారమే. ఆకుపచ్చ చుక్క మద్యం లేదని హామీ ఇవ్వదు. గుర్తు చూడాలి. ఆ తర్వాత పదార్థాల పట్టికా చదవాలి.

మరొక సంగతి. ‘ఫ్రెష్ క్రీమ్ కేకు’ అన్న పేరు విని పాల మీగడ అనుకోవద్దు. మన బేకరీలలో ఆ పేరుతో అమ్మేవాటిలో అధికభాగం వనస్పతి కొవ్వు, చక్కెర, నీరు, ఎమల్సిఫైయర్లు కలిపి గిలకొట్టిన నురుగు. ధర్మపరంగా దాని పట్టిక చూస్తే చాలు. ఆరోగ్యపరంగా మాత్రం మనం దేనికి డబ్బు చెల్లిస్తున్నామో తెలిసి చెల్లించాలి.

రంగులు, మెరుపులు, పూలు

2024లో కర్ణాటక ఆహార భద్రతా అధికారులు బేకరీల నుంచి 235 కేకు నమూనాలు సేకరించి పరీక్షిస్తే, వాటిలో 12 నమూనాలలో కృత్రిమ రంగులు హానికరమైన స్థాయిలో ఉన్నట్లు తేలింది. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ వంటి గాఢమైన రంగుల కేకులు వాటిలో ఉన్నాయి. పెళ్ళి దుస్తుల రంగుకు సరిపోయే ముదురెరుపో, ముదురాకుపచ్చో పూత కావాలని పట్టుబట్టేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. లేత రంగు అడిగితే రంగు తక్కువ పడుతుంది. బీట్‌రూట్, పసుపు, కుంకుమపువ్వు, పిస్తా ఇచ్చే సహజమైన ఛాయలు పెళ్ళికి తక్కువ అందమేమీ కావు.

బంగారు మెరుపు పొడి మరింత జాగ్రత్త అవసరమైన వస్తువు. 2018లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలు వాంతులు, విరేచనాలతో అస్వస్థులయ్యారు. పరిశోధిస్తే, కేకుపై పూసిన ‘రోజ్ గోల్డ్’ పొడి దాదాపు పూర్తిగా రాగి పొడేనని బయటపడింది. డబ్బాపై ‘విషరహితం’ అని రాసి ఉంటే తినవచ్చని అర్థం కాదు. ‘తినదగినది’ అని స్పష్టంగా ఉండాలి, పదార్థాల పట్టిక ఉండాలి. లేకపోతే ఆ మెరుపును కేకుపై చల్లనివ్వకండి.

పూల విషయమూ అంతే. గన్నేరు, ఉమ్మెత్త విషపు మొక్కలు. అంగడి గులాబీలపై పురుగుమందులు చల్లి ఉంటాయి. అలంకరణకు పూలు కావాలంటే ఇంటి పెరటి గులాబీ రేకులు కడిగి వాడవచ్చు, లేదా పూల కాడలు కేకుకు తగలకుండా విడిగా అమర్చవచ్చు.

ఎండ, ఉక్కపోత, దారి

మన దగ్గర వేసవి సెలవులలో పెళ్ళిళ్ళు ఎక్కువ. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో విజయవాడ, నల్లగొండ, కర్నూలులలో 42 డిగ్రీలు దాటడం మామూలే. చల్లని దేశాల చిత్రాలు చూసి వెన్నపూత కేకు ఎంచుకుంటే, వధూవరులు వేదిక చేరేలోగా అది ఒక పక్కకు ఒరిగిపోతుంది. చక్కెర ముద్దతో చేసే ఫాండెంట్ పూత ఎండకు కొంత నిలుస్తుంది. కానీ మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాల ఉక్కలో, ఫ్రిజ్ నుంచి తీయగానే దానిపై చెమట పట్టి జిగురుగా మారుతుంది.

క్రీము కేకును 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలి. బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన పెళ్ళిళ్ళలో బరాత్ ఆలస్యం అందరికీ తెలిసినదే. కేకు హాలుకు ఏడు గంటలకు చేరి, పదకొండు గంటలకు కోస్తే అది అతిథులకు పెట్టదగినది కాదు. అందుకని కేకు వేదికమీదికి ఎప్పుడు రావాలో ముందే నిర్ణయించండి. హాలులో ఫ్రిజ్ ఉందా, జనరేటర్ ఉందా కనుక్కోండి. ఏసీ లేని హాలయితే క్రీము లేని, పూత లేని కేకే మేలు. ఖర్జూరం, అక్రోటు, క్యారెట్, నారింజ కేకులు ఒక రోజు బయట ఉన్నా చెక్కుచెదరవు.

అంతస్తుల కేకు లోపల కర్ర పుల్లలో, ప్లాస్టిక్ కడ్డీలో నిలబెడతారు. పై అంతస్తు బరువు కింది మెత్తని కేకుమీద పడకుండా మోసేవి అవే. దీనిని అంతస్తులు విడదీసి తెచ్చి, హాలులోనే అమర్చమని కోరండి. ముక్కలు కోసేవారికి ఎన్ని పుల్లలున్నాయో చెప్పి, అన్నీ లెక్కపెట్టి తీయమనండి. పసిపిల్లల పళ్ళెంలోకి ఒక్క పుల్ల చేరినా ప్రమాదమే.

ఎంత చాలు? ఎవరి ఖర్చు?

ఒక కిలో కేకు పుట్టినరోజు పళ్ళెంలో ఎనిమిది నుంచి పదిమందికి వస్తుంది. బిర్యానీ, మీఠా తిన్న తర్వాత పెళ్ళిలో ఎవరూ అంత తినరు. ఒక్కొక్కరికి 50 గ్రాములు వేసుకుంటే కిలోకు ఇరవైమంది. నాలుగు వందలమంది అతిథులకు లెక్క ప్రకారం 20 కిలోలు. అయితే అంతా అలంకరించిన కేకే కానక్కర్లేదు. వేదికకు రెండు మూడు కిలోల చక్కని కేకు ఉంచి, మిగిలినది అదే రుచితో వెడల్పు పళ్ళేలలో కాల్చిన సాదా కేకు చేయిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. బేకరీ లెక్కలో ధర పెరిగేది పిండి, చక్కెరలవల్ల కాదు. చేతితో చేసే చక్కెర పూలు, ఫాండెంట్ పని, అంతస్తులు, రవాణా, స్టాండు అద్దె వల్ల. వీటన్నిటినీ విడివిడిగా కాగితంమీద రాయించుకోండి. కేకు, డబుల్ కా మీఠా, ఖుబానీ, ఐస్‌క్రీమ్ నాలుగూ పెట్టి నాలుగూ పారవేయడం కంటే, కేకు పెట్టదలచినవారు మరొక మీఠాను తగ్గించుకోవడం న్యాయం. దుబారా చేసేవారు షైతాను సోదరులని దివ్యఖుర్ఆన్ చేసిన హెచ్చరిక (17:27) మిఠాయి బల్లకు వర్తించదని ఎవరు అనగలరు?

కానీ ఖర్చు ఎంతన్నదానికంటే అది ఎవరిదన్నది ముఖ్యమైన ప్రశ్న. షరీఅత్ ప్రకారం మహర్ వరుని బాధ్యత. వలీమా వరుని బాధ్యత. వధువు తండ్రిపై విందు భారం మోపే ఆదేశం ఎక్కడా లేదు. వాస్తవంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. జోడే కీ రఖమ్ పేరుతో నగదు, దాని వెంట సామాను, దాని వెంట అయిదు వందలమందికి భోజనం. ఇప్పుడు ఆ జాబితా చివర ‘కేకు కూడా బాగుండాలి’ అన్న మాట చేరుతోంది. చిన్న మాటే. వరుని అక్కయ్యో పిన్నమ్మో నవ్వుతూ అన్న మాటే కావచ్చు. కానీ నెలజీతం మీద బతికే తండ్రికి, కుట్టుమిషన్ మీద కూడబెట్టిన తల్లికి అది కోరిక కాదు, ఆజ్ఞ. కాదంటే కూతురు అత్తవారింట ఆ మాట పడవలసి వస్తుందన్న భయం వారి చేత అప్పు చేయిస్తుంది. కట్నం తీసుకోవడం, అడగడం 1961 నాటి చట్టం ప్రకారం నేరం. ధర్మం ప్రకారం అంతకంటే ముందునుంచే అన్యాయం. పళ్ళెంలో పెట్టిన కేకు నూటికి నూరుపాళ్ళు హలాలే అయినా, ఒత్తిడిచేసి పెట్టించుకున్నదైతే అందులో బరకత్ ఎక్కడిది?

కనుక పెళ్ళికొడుకు తరఫువారికి ఒక విన్నపం. కేకు కావాలనుకుంటే మీ వలీమాలో, మీ డబ్బుతో పెట్టుకోండి. నికాహ్ రోజు వధువు ఇంటివారిని దాని గురించి అడగకండి. వారు తమంతట తాము ప్రస్తావించినా ‘వద్దు, ఖర్జూరాలు చాలు’ అని ముందుగా మీరే అనండి. ఆ ఒక్క మాటతో ఒక తండ్రి గుండెమీది బరువు దిగుతుంది.

కోసే తంతు

కేకును అతిథులకు పంచే ఆహారంగా ఉంచడం వేరు, దానిచుట్టూ ఒక తంతు నడపడం వేరు. వధూవరులను పరపురుషుల, పరస్త్రీల కళ్ళముందు నిలబెట్టి, కత్తిమీద చేయిమీద చేయి వేయించి, ఒకరికొకరు తినిపించమని కేకలు వేయించడం, ఫోటోగ్రాఫరు చెప్పినట్లు మళ్ళీ మళ్ళీ చేయించడం మన హయాకు, పర్దాకు పొసగే పనులు కావు. భార్య నోటికి భర్త ముద్ద అందించడం ప్రేమకు గుర్తు, పుణ్యకార్యం కూడా. దానికి సరైన చోటు వారి ఇల్లు. ఇక ముఖానికి క్రీము పూయడం అన్నది ఆహారానికి చేసే అవమానం. కిందపడిన ముద్దను కూడా తుడిచి తినమని నేర్పిన ప్రవక్త (స) అనుచరులం మనం.

దీనికి మార్గం సులభం. కేకును వంటవారో ఇంటి పెద్దో భోజనశాల వెనుకనే కోసి, బిస్మిల్లాహ్ అని ముక్కలు చేసి, స్త్రీల వైపు, పురుషుల వైపు సమానంగా పంపవచ్చు. శాకాహారులైన హిందూ మిత్రులు వస్తున్నారంటే వారికోసం గుడ్డు లేని కేకు ఒకటి విడి పళ్ళెంలో, విడి కత్తితో ఉంచండి. అది చిన్న మర్యాదే, చాలాకాలం గుర్తుంటుంది. గింజ పప్పులు పడనివారి కోసం కేకులో ఏమున్నాయో చీటీ రాసి పెట్టండి. హాలు ఊడ్చేవారికి, కాపలావారికి, వంటవారి పిల్లలకు ముక్కలు ముందుగానే డబ్బాలలో పెట్టి పక్కన ఉంచండి. చివరికి మిగిలితే ఇద్దామనుకుంటే మిగిలేది క్రీము కరిగిన చూరే.

ఇంట్లో చేసుకొనే ఖర్జూరపు కేకు

చిన్న నికాహ్ అయితే ఇంటి ఆడవారే చేయగలిగిన కేకు ఇది. హైస్‌లోని ఖర్జూరాన్ని గుర్తుచేస్తుంది. గుడ్లు లేవు. గింజలు తీసిన మెత్తని ఖర్జూరాలు ఇరవైని ముప్పావు కప్పు వేడి పాలలో రెండు గంటలు నానబెట్టి, ముప్పావు కప్పు చక్కెరతో మెత్తగా రుబ్బండి. అర కప్పు నూనె కలపండి. ఒక కప్పు మైదాలో ఒక చెంచా వంటసోడా వేసి జల్లించి, ఆ ముద్దలో కొద్దికొద్దిగా కలపండి. చిటికెడు యాలకుల పొడి, గుప్పెడు అక్రోటు ముక్కలు చేర్చండి. నూనె రాసిన గిన్నెలో పోసి, 180 డిగ్రీలకు ముందే వేడిచేసిన ఓవెన్‌లో 35 నుంచి 40 నిమిషాలు కాల్చండి. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. దీనికి పూత అక్కర్లేదు. మరునాడు రుచి ఇంకా పెరుగుతుంది.

బేకరీవారిని అడగవలసిన ప్రశ్నలు

ఆర్డరు ఇచ్చేముందు ఈ ప్రశ్నలు అడగండి. మర్యాదగా అడిగితే మంచి తయారీదారు ఎవరూ నొచ్చుకోరు.

1. జెలటిన్ వాడుతున్నారా? వాడితే ఏ మూలం నుంచి? అగర్‌తో చేయగలరా?
2. పొరలపై చిలకరించే పాకంలో ఏముంది? ఎసెన్స్ సీసా ఒకసారి చూపగలరా?
3. రమ్ము, బ్రాందీ కేకులు కూడా మీ దగ్గర చేస్తారా? చేస్తే గిన్నెలు, బ్రష్‌లు వేరుగా ఉంటాయా?
4. క్రీము డబ్బామీది పట్టికను చూడవచ్చా?
5. మెరుపు పొడి, రంగుల డబ్బాలపై ‘తినదగినది’ అని ఉందా?
6. ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నమోదు సంఖ్య ఉందా?
7. కేకు ఏ గంటకు చేరుతుంది? ఎవరు అమర్చుతారు? ఖర్చు మొత్తం ఎంత?

ఇంటినుంచే కేకులు చేసి అమ్మే సోదరీమణులు ఇప్పుడు మన పట్టణాలన్నిటిలోనూ ఉన్నారు. వారి వంటగదిలో ఏముందో మీరు నేరుగా చూడవచ్చు, హలాల్ గురించి వారికి వేరే చెప్పనక్కర్లేదు. వారి సంపాదనకూ మీరు తోడ్పడినవారవుతారు. అయితే వారి దగ్గరా నమోదు సంఖ్య అడగండి, పట్టిక చదవండి. నమ్మకం, పరిశీలన ఒకదానికొకటి శత్రువులు కావు.

పెళ్ళి ఒక్క పూటది, దాంపత్యం జీవితకాలపుది. ఆ పూట తిన్న తీపి ఏ ఆకారంలో ఉందో ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. దానికోసం చేసిన అప్పు మాత్రం నెలనెలా గుర్తుచేస్తుంది. మనసుకు నచ్చితే, పదార్థాలు పరిశుద్ధమైతే, ఖర్చు తాహతులో ఉంటే, ఎవరిమీదా బలవంతం లేకపోతే కేకు పెట్టండి, సంతోషంగా తినండి, నలుగురికీ పంచండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఒక పళ్ళెం ఖర్జూరాలు తెప్పించండి. ఆ పళ్ళెంతో నికాహ్‌కు ఏ లోటూ రాదు.